తల దొరకలేదు, పన్ను దొరకలేదు.. అయినా తెలంగాణ పల్లె పేరుతో ఒక డైనోసార్

గద్వాల / వనపర్తి / నాగర్‌కర్నూల్: డైనోసార్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది సినిమాలో గర్జించే టీ రెక్స్. అది అమెరికాది. తెలంగాణ పల్లెల పేర్లు పెట్టుకున్న డైనోసార్లు కూడా ఉన్నాయంటే చాలామంది నమ్మరు. కానీ ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు జక్లపల్లిసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని జక్లపల్లి పేరు మీద 2011లో శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. ఇది ఆకులు, మొక్కలు తిని బతికిన జంతువుల వంశానికి చెందినది. సుమారు 20 నుంచి 22 కోట్ల ఏళ్ల క్రితం బతికింది.

ఇక్కడే ఒక చిక్కుంది. దీని తల దొరకలేదు. దవడ దొరకలేదు. ఒక్క పన్ను కూడా దొరకలేదు. చేతికి వచ్చినవి తల తప్ప మిగతా ఒంటికి సంబంధించిన కొన్ని ఎముకలు మాత్రమే, అవీ పూర్తి అస్థిపంజరం కాదు. మరి ఇంత కొంచెం సామాన్‌తో ఇది కొత్త జంతువని ఎలా తేల్చారు? నోరే దొరకనప్పుడు ఆకులు తినేదని ఎలా చెప్పారు? పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే "సైంటిస్టులు చెప్పారు కాబట్టి" అని తప్పించుకోవాల్సిన పని లేదు. జవాబు ఉంది. అది ఎవరికైనా అర్థమయ్యేదే.

పాలమూరు బండల్లో ఎందుకు దొరకవు?

ముందు మన ఇంటి దగ్గరి సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఎటు చూసినా బండలే. గుట్టలున్నాయి, కృష్ణా తుంగభద్ర నదులున్నాయి, నల్లమల అడవి ఉంది. ఇంత పాత నేలలో డైనోసార్ ఎముక ఒక్కటైనా దొరకాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

అసలు కారణం ఈ నేల మరీ పాతది కావడమే. వనపర్తి చుట్టుపక్కల కనిపించే గ్రానైట్ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గద్వాల పేరుతోనే భూగర్భ శాస్త్రంలో ఒక పురాతన శిలల పట్టీ ఉంది. దాని వయసు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమల రాళ్లు వీటికంటే చిన్నవే. అయినా అవీ వంద కోట్ల ఏళ్లు దాటినవే. భూమి మీద డైనోసార్లు మొదట కనిపించింది సుమారు 23 కోట్ల ఏళ్ల క్రితం. అంటే మన గ్రానైట్ బండలు తయారయ్యే నాటికి డైనోసార్ల మాట దేవుడెరుగు, ఎముకలున్న జంతువే లేదు.

రెండో కారణం కూడా ఉంది. గ్రానైట్ అంటే భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. అలాంటి రాతిలో ఎముక నిలవదు. ఎముక రాయిగా మారాలంటే జంతువు చనిపోయిన వెంటనే మట్టి, ఇసుక దాన్ని కప్పేయాలి. పైన పొర మీద పొర పడాలి. లక్షల ఏళ్లు కదలకుండా ఉండాలి. అలా మట్టి చేరే పల్లపు చోటు కావాలి.

డైనోసార్లు పాలమూరు నేల మీద తిరగలేదని దీని అర్థం కాదు. తిరిగి ఉండొచ్చు. కానీ ఆ కాలపు మట్టిని దాచిపెట్టిన పొరలు ఇక్కడ లేవు. జమా ఖర్చు రాసిన పుస్తకమే లేనప్పుడు వ్యాపారం జరిగిందా లేదా అని లెక్క తేల్చలేం కదా, ఇదీ అంతే.

ఆ పుస్తకం ఉన్న చోటు గోదావరి లోయ

ఆ పుస్తకం మన రాష్ట్రంలోనే ఉంది, కానీ ఇక్కడి నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. ప్రాణహిత, గోదావరి నదుల పరివాహకంలో, ఉమ్మడి ఆదిలాబాద్ వైపు. కోట్ల ఏళ్ల క్రితం అక్కడ రెండు పాత భూభాగాల మధ్య నేల పొడవునా కుంగింది. ఆ పల్లంలోకి నదులు ఇసుక, బంకమట్టి తెచ్చి నింపుతూ పోయాయి. సింగరేణి బొగ్గు కూడా ఈ లోయదే. బొగ్గు పొరలు కింద, ఇంకా పాతవి. వాటి పైన వచ్చిన ఎర్రమట్టి, ఇసుకరాయి పొరల్లో జంతువుల ఎముకలున్నాయి.

ఈ పొరలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు కూడా స్థానిక ఊళ్లవే. కింద నుంచి పైకి చూస్తే మలేరి, దాని మీద ధర్మారం, ఆ పైన కోట. కింది పొర పాతది, పై పొర కొత్తది. జక్లపల్లిసారస్ ఎముకలు మలేరి పై భాగంలో దొరికాయి. అదే రకానికి చెందినవిగా చెప్పిన వెనక కాలి ఎముకలు మరికొన్ని ధర్మారం కింది భాగంలో దొరికాయి.

ఇక్కడ తవ్వకాలు చేసింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అంటే ఐఎస్‌ఐ. లెక్కలు, గణాంకాల సంస్థకు ఎముకలతో ఏం పని అనిపించవచ్చు. ఆ సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ 1950ల్లో అక్కడ భూగర్భ శాస్త్ర విభాగం కూడా మొదలుపెట్టించారు. లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్‌సన్ అనే శాస్త్రవేత్త దానికి పునాది వేశారు. అప్పటి నుంచి ఐఎస్‌ఐ బృందాలు ఏళ్ల తరబడి గోదావరి లోయలో తిరిగి శిలాజాలు సేకరించాయి.

2011లో వెలువడిన పరిశోధన వ్యాసం రాసింది నలుగురు. అర్జెంటీనాకు చెందిన ఫెర్నాండో నోవాస్, మార్టిన్ ఎజ్కుర్రా, అమెరికాలో పనిచేసిన శంకర్ చటర్జీ, ఐఎస్‌ఐకి చెందిన టి.ఎస్. కుట్టి. ఎడిన్‌బరో రాయల్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. అదే వ్యాసంలో ఇంకో మొక్కల వంశపు డైనోసార్‌కూ పేరు పెట్టారు. అది నంబాలియా. నంబాల అనే ఊరి పేరు మీద, ఐఎస్‌ఐ శాస్త్రవేత్త తపన్ రాయ్‌చౌదరి పేరు కలిపి. దానికి కూడా తల లేదు.

ఒక చీలమండ ఎముక చెప్పిన సాక్ష్యం

జక్లపల్లిసారస్ పూర్తి పేరు జక్లపల్లిసారస్ అసిమెట్రికస్. సారస్ అంటే గ్రీకు భాషలో బల్లి. అసిమెట్రికస్ అంటే రెండు వైపులా సమానంగా లేనిది. ఏది సమానంగా లేదు? చీలమండ దగ్గరి ఒక ఎముక.

బక్రీద్‌కు ఇంట్లో మేకను కోసినప్పుడు వెనక కాలు గమనించిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మోకాలి కింది పొడుగు ఎముకకు, పాదం ఎముకలకు మధ్య ఒక చిన్న ముద్ద ఎముక ఉంటుంది. కాలు మడిచే కీలు అక్కడే. మొత్తం బరువు దాని మీద నుంచి పాదానికి దిగుతుంది. జంతువు ఎలా నిలబడుతుంది, ఎలా నడుస్తుంది అన్నదాన్ని బట్టి ఆ ఎముక ఆకారం మారుతుంది. అందుకే ఒక్కో జాతిలో ఒక్కో తీరుగా ఉంటుంది. అనుభవం ఉన్న కసాబు ఒక్క బొక్క చూసి ఇది ఏ కాలిదో, మేకదో గొడ్డుదో చెప్పేస్తాడు. శాస్త్రవేత్తలు చేసేది కూడా ఆ పనే. తేడా ఏమిటంటే వాళ్లు ప్రపంచంలోని మ్యూజియాల్లో ఉన్న ఎముకలన్నిటితో పోల్చి చూడాలి.

జక్లపల్లి జంతువు చీలమండ ఎముకను కింది వైపు నుంచి చూస్తే రెండు పక్కలూ బాగా తేడాగా ఉన్నాయి. అప్పటికి తెలిసిన దాని బంధువుల్లో ఆ తీరు కనిపించలేదు. మిగతా ఎముకల లక్షణాలు కూడా కలిపి చూసి, ఇది వేరే జాతి అని నలుగురూ తేల్చారు.

పేరు పెట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఫలానా ఎముకల మీద ఈ పేరు ఆధారపడి ఉంది అని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఎముకలు ఒక సంస్థలో నంబరుతో భద్రంగా ఉండాలి. రేపు ఎవరైనా వెళ్లి చూసి, కాదు అనాలనుకుంటే అనగలగాలి. జక్లపల్లిసారస్‌కు ఆ నంబర్ ఐఎస్‌ఐ ఆర్ 274. వ్యాపారం చేసే వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది వోచర్ లాంటిది. వోచర్ లేని ఎంట్రీని ఆడిటర్ ఒప్పుకోడు. నంబరు లేని ఎముకను సైన్స్ కూడా ఒప్పుకోదు.

నోరు లేకుండానే ఆకులు తిన్నదని ఎలా?

ఏ జంతువైనా ఏం తిన్నదో చెప్పే మొదటి సాక్షి పన్ను. మాంసం తినేదాని పన్ను కత్తిలా వంపు తిరిగి ఉంటుంది. ఆకులు కోసే పన్ను ఆకు ఆకారంలో, అంచున పెద్ద నొక్కులతో ఉంటుంది. జక్లపల్లిసారస్ పన్ను దొరకలేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది బంధువుల దారి.

కాళ్ల ఎముకల లక్షణాలను బట్టి ఇది సారోపోడోమార్ఫ్ అనే వంశంలోకి వస్తుంది. తర్వాతి కాలంలో పొడుగు మెడ, ఏనుగు కాళ్లతో వచ్చిన భారీ శాకాహార డైనోసార్లన్నీ ఈ వంశానివే. 2011 వ్యాసం దీన్ని జర్మనీలో దొరికిన ప్లాటియోసారస్‌కు, బ్రెజిల్‌లో దొరికిన ఉనాయ్‌సారస్‌కు దగ్గరగా చూపించింది.

2018లో ఈ కథకు బ్రెజిల్ నుంచి గట్టి ఆధారం వచ్చింది. అక్కడి దక్షిణ రాష్ట్రంలో అగుడో అనే చోట మూడు డైనోసార్ల అస్థిపంజరాలు ఒకేచోట దొరికాయి. తల, పళ్లు, పొడుగు మెడ అన్నీ ఉన్నాయి. దానికి మాక్రోకొల్లమ్ అని పేరు పెట్టారు. వయసు సుమారు 22.5 కోట్ల ఏళ్లు. దాన్ని వివరించిన పరిశోధకులు మాక్రోకొల్లమ్, ఉనాయ్‌సారస్, మన జక్లపల్లిసారస్ మూడింటినీ ఒకే కుటుంబంలో పెట్టారు. ఆ కుటుంబానికి ఉనాయ్‌సారిడే అని పేరు.

బ్రెజిల్ ఎక్కడ, ఆదిలాబాద్ ఎక్కడ? ఈ రోజు మధ్యలో సముద్రాలున్నాయి. అప్పుడు లేవు. ఖండాలన్నీ పాంజియా అనే ఒకే పెద్ద భూభాగంగా ఉన్నాయి. మన దేశం ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికాలతో అతుక్కుని ఉండేది. దక్షిణ అమెరికా ఆఫ్రికాకు అటువైపు అతుక్కుని ఉండేది. కాలినడకన వెళ్లగలిగిన లోకంలో బంధువులు రెండు చివర్లా ఉండటం వింత కాదు.

కాబట్టి జక్లపల్లిసారస్ మొక్కలు తినేదన్న మాట కంటితో చూసిన సాక్ష్యం కాదు. దగ్గరి బంధువులను బట్టి చెప్పిన మాట. బలమైన మాటే, కానీ ఏ రకం మాటో పిల్లలకు తెలియాలి.

కొన్ని ఎముకలతో పప్పులో కాలేసిన సందర్భాలు

తక్కువ ఆధారాలతో చెప్పిన మాటలు తర్వాత మారిన సంఘటనలు సైన్స్‌లో బోలెడు. మూడు ఉదాహరణలు చూస్తే చాలు.

మొదటిది ఇంగ్లాండ్‌ది. 1825లో గిడియన్ మాంటెల్ అనే డాక్టర్ కొన్ని పళ్లు చూసి ఇగ్వానోడాన్ అని పేరు పెట్టాడు. ఇగ్వానా అనే బల్లి పళ్లను పోలి ఉండటమే కారణం. మొక్కలు తినేదన్నది సరిగ్గానే చెప్పాడు. కానీ తర్వాత దొరికిన కొమ్ములాంటి ఎముకను దాని ముక్కు మీద పెట్టాడు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ట్ బొగ్గు గనిలో పూర్తి అస్థిపంజరాలు పదుల సంఖ్యలో బయటపడ్డాయి. అప్పుడు తెలిసింది, అది కొమ్ము కాదు, బొటనవేలు అని.

రెండోది మన గోదావరి లోయదే. 1987లో శంకర్ చటర్జీ మలేరి కింది పొరల్లో దొరికిన కొన్ని ఎముకలతో ఒక చిన్న డైనోసార్‌కు వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఒక చిన్న సముద్ర జీవికి ఉందని తేలింది. ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదు కాబట్టి 1994లో ఆల్‌వాకేరియాగా మార్చారు. అక్కడితో అయిపోలేదు. 2005లో మరికొందరు పరిశోధకులు ఆ ఎముకలన్నీ ఒకే జంతువువి కావని, ముక్కు భాగం మొసళ్ల వైపు వంశానిదని, తొడ ఎముక, చీలమండ మాత్రం డైనోసార్‌వని వాదించారు. వరద నీరు రెండు మూడు జంతువుల ఎముకలను ఒకేచోట చేర్చితే ఇలా జరుగుతుంది.

మూడోది మన దేశంలో పేరు పొందిన మొదటి డైనోసార్ సంగతి. 1828లో జబల్‌పూర్ దగ్గర స్లీమన్ అనే బ్రిటిష్ అధికారి కొన్ని తోక వెన్నుపూసలు సేకరించాడు. 1877లో రిచర్డ్ లైడెకర్ వాటికి టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ఇదీ మొక్కలు తినేదే. అప్పట్లో ఆ ఎముకల ఆకారం ప్రత్యేకమైనదే అనిపించింది. కానీ తర్వాత ప్రపంచమంతా అలాంటి తోక ఎముకలే దొరికాయి. వాటి నుంచి దీన్ని వేరు చేసి చూపే లక్షణం ఏదీ మిగల్లేదు. 2003లో జెఫ్రీ విల్సన్, పాల్ అప్‌చర్చ్ అనే శాస్త్రవేత్తలు ఈ పేరు ఇక చెల్లదన్నారు. దానికి తోడు ఆ ఎముకలు ఎక్కడున్నాయో కూడా చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2012లో కోల్‌కతాలో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే జీఎస్‌ఐ సేకరణల్లోనే మళ్లీ కనిపించాయి.

జక్లపల్లిసారస్ పేరుకూ ఇదే పరీక్ష ఉంటుంది. రేపు వేరే దేశంలో అదే ఆకారపు చీలమండ దొరికితే లెక్క మళ్లీ చూడాలి. లేదా గోదావరి లోయలోనే ఒక తల దొరికితే పేరు ఇంకా గట్టిపడుతుంది. మాట మారడం సైన్స్‌కు అవమానం కాదు. ఆధారం చూపించి చెప్పిన మాటను ఆధారంతోనే సరిదిద్దుతారు. రోజూ వాట్సాప్‌లో వచ్చే "అద్భుతం, అందరికీ పంపండి" అనే ఫార్వర్డ్‌లకూ దీనికీ ఉన్న తేడా ఇదే. వాటికి నంబరూ ఉండదు, వోచరూ ఉండదు, తప్పని తేలితే సరిదిద్దే వాళ్లూ ఉండరు.

ఒకే లోయలో చిన్నదాని నుంచి పెద్దదాని దాకా

ఇన్ని అనుమానాలుంటే ఈ కొన్ని ఎముకలకు అంత విలువ ఎందుకు? వరుస కోసం.

మొక్కలు తినే డైనోసార్లు మొదట్లో అంత పెద్దవి కావు. వెనక కాళ్ల మీద నడిచేవి. తర్వాత నాలుగు కాళ్ల భారీ జంతువులయ్యాయి. ఆ మార్పు మెట్టు మెట్టుగా చూపే పొరలు ఒకేచోట దొరకడం అరుదు. గోదావరి లోయలో ఉన్నాయి. మలేరి, ధర్మారం పొరల్లో జక్లపల్లిసారస్, నంబాలియా. ధర్మారం పై భాగంలో 2007లో పేరు పెట్టిన లాంప్లుఘ్‌సారా, ప్రధానియా. వీటిలో మొదటిది పమేలా లాంప్లుఘ్ రాబిన్‌సన్ పేరు. రెండోది ఐఎస్‌ఐ కోసం శిలాజాలు సేకరించిన ప్రధాన్ అనే ఉద్యోగి పేరు. ఎండలో తిరిగి ఎముక ఏరిన మనిషి పేరు కూడా శాస్త్రంలో నిలిచిపోయిందన్నమాట.

వీటన్నిటి పైన కోట పొరల్లో భారీవి ఉన్నాయి. బరాపాసారస్ సుమారు 14 మీటర్ల పొడవు. 1975లో పేరు పెట్టారు. బెంగాలీలో బరా పా అంటే పెద్ద కాలు. ఠాగూర్ శతజయంతి కాలంలో దొరికింది కాబట్టి ఆయన పేరూ కలిపారు. దాని అస్థిపంజరం కోల్‌కతా ఐఎస్‌ఐలో ఉంది. కోటసారస్ సుమారు 9 మీటర్లు. యామన్‌పల్లి దగ్గర దొరికింది. 1988లో జీఎస్‌ఐకి చెందిన యాదగిరి పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే ఇన్ని ఎముకలు దొరికిన ఈ రెండింటికీ కూడా పళ్లు తప్ప పూర్తి తల దొరకలేదు.

కుటుంబాలు ఏం చేయొచ్చు?

కోటసారస్ అస్థిపంజరాన్ని చూడటానికి కోల్‌కతా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీదున్న బీఎం బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి సెలవుల్లో చార్మినార్, జూ పార్క్ చూడటానికి పోయే కుటుంబాలు ఒక పూట అక్కడికీ వెళ్లొచ్చు. పిల్లలను దాని వెనక కాలి చీలమండ దగ్గర నిలబెట్టి ఆ కీలు చూపించండి. జక్లపల్లి కథ చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఏది అసలు ఎముక, ఏది ఊహించి చేర్చింది అని అక్కడి సిబ్బందిని అడగమనండి. ఆ ప్రశ్న అడిగిన పిల్లాడికి సగం సైన్స్ వచ్చినట్టే.

గోదావరి వైపు బంధువులు, సింగరేణిలో పనిచేసే వాళ్లు ఉన్న కుటుంబాలు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఎర్రమట్టి వాగుల్లో, తవ్వకాల్లో ఎముకలాంటి రాయి కనిపిస్తే పగలగొట్టొద్దు, ఇంటికి తెచ్చుకోవద్దు, అమ్మొద్దు. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన కొలత కోసం ఒక పెన్నో నాణెమో పెట్టి, ఊరు, చోటు రాసుకోవాలి. జీఎస్‌ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఉస్మానియా యూనివర్సిటీలో భూగర్భ శాస్త్ర విభాగం ఉంది. వాళ్లకు చెప్పొచ్చు. ఏ పొరలో దొరికిందో తెలియని ఎముక వయసు తెలియని ఎముకే. దాన్ని చోటు నుంచి కదిపితే సాక్ష్యం సగం పోతుంది.

గోదావరి లోయలో ఏటా వానకు ఎర్రమట్టి కోసుకుపోతూనే ఉంటుంది. కొత్త ఎముకలను బయటపెట్టేది ఆ వానే, చూసేవాళ్లు లేకపోతే వాటిని పిండి చేసేదీ ఆ వానే. జక్లపల్లిసారస్ తల ఇంకా ఆ మట్టిలోనే ఉండొచ్చు. అది ఎవరి కాలికి తగులుతుందో, తగిలినప్పుడు ఆ మనిషికి అది ఏమిటో తెలిసి ఉంటుందా లేదా అన్నదే అసలు సంగతి.